కురిసిన మంచు చాలదు

టీవీలో స్కీ పందెం చూస్తే ఎవరికైనా ఒకటే అనిపిస్తుంది. కొండ దేవుడిచ్చాడు, మంచు ఆకాశం ఇచ్చింది, ఆ మనుషులు అందులోనే పుట్టి పెరిగారు, ఇక జారడం తప్ప అక్కడ చేయాల్సిందేముంది? చంద్రపూర్‌లో ఉండి చూస్తే ఆ అభిప్రాయం మరీ గట్టిపడుతుంది. మే నెలలో ఎండ 47 డిగ్రీలు దాటే ఊరు మాది. చుట్టూ బొగ్గు గనులు, దుర్గాపూర్‌లో థర్మల్ విద్యుత్ కేంద్రం, కాస్త దూరంలో బల్లార్‌పూర్ కాగితం మిల్లు. మా ఊళ్లో మంచు అంటే చలికాలం తెల్లవారుజామున ఇరయీ నది మీద పరుచుకునే పొగమంచే.

పందెం లోపలికి వెళ్లి చూస్తే కథ పూర్తిగా వేరు. పెద్ద పోటీల బాటల మీద కురిసిన మంచు కంటే మనుషులు చేసిన మంచే ఎక్కువగా ఉంటుంది. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో ఆల్పైన్ పోటీలు జరిగిన యెన్‌చింగ్ కొండ మీద పరిచింది దాదాపు అంతా యంత్రాలు చేసిన మంచే. ఆ బాట మీదే కాశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌కు చెందిన ఆరిఫ్ ఖాన్ జెయింట్ స్లాలమ్, స్లాలమ్ పందేల్లో దిగారు. ఆ క్రీడలకు భారత్ నుంచి వెళ్లిన క్రీడాకారుడు ఆయన ఒక్కరే.

స్కీ పందెంలో మంచును తయారుచేస్తారు, బాటను తయారుచేస్తారు, మనిషినీ తయారుచేస్తారు. ఇందులో పుట్టుకతో వచ్చేది బహు తక్కువ. ఆ తయారీ ఎలా సాగుతుందో కొండ కొలత దగ్గర్నుంచి గడియారం ఆగేదాకా మెట్టు మెట్టుగా చూద్దాం. నాలుగు రకాల పందేలకూ తేడా ఎక్కడెక్కడ వస్తుందో దారిలోనే తెలుస్తుంది.

1. ఏ పందెమో తేల్చుకోవడం

అన్నిటికంటే ముందు తేలాల్సింది ఇదే. బాట పొడవు, మంచు గట్టిదనం, స్కీ ఆకారం అన్నీ దీని మీదే ఆధారపడతాయి.

డౌన్‌హిల్ వేగానిది. కొండ పైనుంచి కిందికి ఒక్కటే పరుగు, అందులో ఎవరు తక్కువ సమయం తీసుకుంటే వాళ్లదే గెలుపు. 2013లో స్విట్జర్లాండ్‌లోని వెంగెన్‌లో ఫ్రాన్స్ క్రీడాకారుడు యోహాన్ క్లారే గంటకు 161.9 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. సూపర్-జి కూడా వేగానిదే, ఒక్క పరుగుదే, కాకపోతే మలుపులు ఎక్కువ. జెయింట్ స్లాలమ్‌లో బాట చిన్నదై మలుపులు దగ్గరపడతాయి. రెండు పరుగులు తీసి వాటి సమయాలు కలుపుతారు. స్లాలమ్ అన్నిటిలోకీ పొట్టిది, మలుపులు అన్నిటికంటే దట్టం. దీనికీ రెండు పరుగులే. వేగానిదొకటి, మలుపులదొకటి చేసి రెండిటినీ లెక్కలోకి తీసుకునే కంబైన్డ్ అనే పోటీ కూడా ఉంది.

ఈ పందేలకు రూపం ఇచ్చినవాళ్లలో ముఖ్యుడు ఆర్నాల్డ్ లన్ అనే ఇంగ్లిష్‌వాడు. ఆయన 1888లో పుట్టింది మన మద్రాసులో. తండ్రి మిషనరీ వైద్యుడిగా ఇక్కడికొచ్చాడు. మంచు ఎరుగని ఊళ్లో కళ్లు తెరిచిన ఆ లన్, 1922లో స్విట్జర్లాండ్‌లోని మ్యూరెన్‌లో జెండాలు జతలు జతలుగా పాతి, వాటి మధ్య నుంచి ఎవరు త్వరగా దిగితే వాళ్లదే గెలుపు అన్నాడు. అప్పటిదాకా మలుపు ఎంత అందంగా తిరిగారన్నదానికి మార్కులుండేవి. ఆయన అందాన్ని పక్కనపెట్టి గడియారాన్ని న్యాయనిర్ణేతగా నిలబెట్టాడు. నేటి స్లాలమ్‌కు పునాది అదే.

ఒలింపిక్స్‌లోకి ఆల్పైన్ స్కీయింగ్ 1936లో కంబైన్డ్ రూపంలో వచ్చింది. 1948లో డౌన్‌హిల్, స్లాలమ్ విడివిడి పతకాల పోటీలయ్యాయి. 1952లో జెయింట్ స్లాలమ్, 1988లో సూపర్-జి చేరాయి.

2. కొండను కొలవడం

ఏ వాలు పడితే ఆ వాలు మీద పందెం పెట్టడానికి లేదు. అంతర్జాతీయ స్కీ సమాఖ్య 'ఫిస్' ఇన్‌స్పెక్టరు వచ్చి వాలు చూసి, కొలిచి, ధ్రువపత్రం ఇవ్వాలి. మొదట చూసేది ఎత్తు తేడా, అంటే బయల్దేరే చోటుకూ ముగిసే చోటుకూ మధ్య నిలువు దూరం. పురుషుల పెద్ద పోటీలకు డౌన్‌హిల్‌లో అది 800 నుంచి 1,100 మీటర్లు ఉండాలి. సూపర్-జికి 400 నుంచి 650, జెయింట్ స్లాలమ్‌కు 300 నుంచి 450, స్లాలమ్‌కు 180 నుంచి 220 మీటర్లు.

కొండలు లేని దేశాలు డౌన్‌హిల్‌కు ఎందుకు దూరంగా ఉంటాయో ఈ లెక్కే చెబుతుంది. అంత ఎత్తు తేడా ఒకే వాలులో దొరకడం కష్టం, దొరికితే దాన్ని కాపాడుకోవడం ఇంకా కష్టం. స్లాలమ్‌కు మాత్రం 200 మీటర్ల దిగుడున్న మంచి వాలు ఒక్కటుంటే పని మొదలవుతుంది. మన దేశం నుంచి ఒలింపిక్స్‌కు వెళ్లినవాళ్లు ఎక్కువగా స్లాలమ్, జెయింట్ స్లాలమ్‌లలోనే కనిపించడానికి ఇదొక పెద్ద కారణం.

తర్వాత భద్రత. మనిషి అదుపు తప్పితే ఎటు పడతాడు, ఎంత దూరం జారతాడు అన్నది ముందే లెక్కగట్టి వలలు కడతారు. ప్రమాదకరమైన మలుపుల దగ్గర ఎత్తైన స్తంభాలకు శాశ్వతంగా వేలాడదీసేవి 'ఎ' వలలు. వంగే కర్రలకు కట్టి, వరుస వెనక వరుసగా నిలబెట్టేవి 'బి' వలలు. మొదటి వరుసలో వేగం కొంత చచ్చి, రెండో మూడో వరుసల్లో మనిషి ఆగుతాడు. యెన్‌చింగ్ డౌన్‌హిల్ బాటను గీసిన బెర్న్‌హార్డ్ రస్సీ 1972 సపొరో ఒలింపిక్స్‌లో డౌన్‌హిల్ స్వర్ణ విజేత. ఎక్కడ మనిషి గాల్లోకి లేస్తాడో, ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలో ఒంటితో ఎరిగినవాడి చేతే బాట గీయించారన్నమాట.

3. మంచు చేయడం

ఇది ఈ తయారీకి గుండెకాయ. దీన్ని చంద్రపూర్‌వాళ్లు అందరికంటే సులువుగా అర్థం చేసుకోగలరు, ఎందుకంటే ఇందులోని సూత్రం మా ఇంటింటి కూలర్‌లో ఉంది.

ఎండాకాలం మధ్యాహ్నం 45 డిగ్రీలున్నా, గాలిలో తేమ 15 శాతమే ఉంటే, కూలర్ గడ్డి మీద కారే నీళ్లు గబగబా ఆవిరవుతాయి. ఆవిరవడానికి కావాల్సిన వేడిని గాలి నుంచే లాక్కుంటాయి కాబట్టి గాలి చల్లబడుతుంది. అలా ఎంతవరకు చల్లబడగలదో చెప్పే లెక్కే తడి బల్బు ఉష్ణోగ్రత. పైన చెప్పిన ఎండకు అది సుమారు 23 డిగ్రీలు. అదే వానాకాలంలో తేమ 80 శాతానికి చేరితే కూలర్ ఎందుకూ పనికిరాదు.

మంచు ఫిరంగి చేసేదీ ఇదే. పెద్ద ఫ్యాను చుట్టూ సన్నని నాజిళ్లు వలయంగా అమర్చి ఉంటాయి. వాటిలోంచి నీళ్లు తుంపరగా వస్తాయి. కొన్ని నాజిళ్లు నీళ్లనూ ఒత్తిడి పట్టిన గాలినీ కలిపి చిమ్ముతాయి. ఆ గాలి ఒక్కసారిగా విప్పారేటప్పుడు బాగా చల్లబడి సూక్ష్మమైన మంచు రవ్వలు పుడతాయి. ఆ రవ్వలే విత్తనాలు. మిగతా తుంపర వాటికి తగిలి గాల్లో ఉండగానే గడ్డకట్టి కింద పడుతుంది.

అందుకే ఫిరంగి నడిపేవాళ్లు మామూలు ఉష్ణోగ్రతను కాదు, తడి బల్బును చూస్తారు. అది సుమారు మైనస్ 2 డిగ్రీల కిందికి దిగితే పని మొదలుపెట్టొచ్చు. గాలి 2 డిగ్రీలున్నా తేమ 30 శాతమే ఉంటే తడి బల్బు మైనస్ 2.5 దగ్గరికి వస్తుంది, మంచు తయారవుతుంది. గాలి సరిగ్గా సున్నా దగ్గరున్నా తేమ నిండుగా ఉంటే మాత్రం ఫిరంగి కట్టేసి ఎదురుచూడాల్సిందే. బీజింగ్ శీతాకాలం ఎముకలు కొరికేంత చలి, అంతకు మించి పొడి. కురిసే మంచు తక్కువైనా మంచు చేయడానికి ఆ గాలి బంగారం.

దీనికి నీళ్లు కావాలి, అదీ చాలా. ఒక హెక్టారు వాలు మీద 30 సెంటీమీటర్ల మందాన మంచు పరచాలంటే 10 లక్షల లీటర్లకు పైనే పడుతుంది. ఆ నీటిని కొండ మీదికి తోడాలి, తోడడానికి కరెంటు కావాలి. కృత్రిమ మంచు మీద వచ్చే విమర్శల్లో సగం ఇక్కడే పుడతాయి, అవి న్యాయమైనవే. కాబట్టి బాగా నడిపే చోట్ల కొండ మీదే చెరువు తవ్వి, వానకూ మంచుకూ వచ్చిన నీటిని నిల్వచేసి వాడుకుంటారు. వసంతంలో కరిగిన నీళ్లలో ఎక్కువ భాగం మళ్లీ అదే లోయకు చేరుతుంది.

4. పరచడం, అణచడం, ఆగడం

ఆకాశం నుంచి రాలే మంచు పలక ఆరు కొమ్మలతో, మధ్య అంతా గాలితో, దూదిలా ఉంటుంది. అప్పుడే పడిన మంచు ఒక ఘనపు మీటరు 100 కిలోలు తూగడమే గొప్ప. ఫిరంగి మంచుకు కొమ్మలుండవు. అవి చిన్న గుండ్రని గింజలు, ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా కూర్చుంటాయి. అదే ఘనపు మీటరు 400 నుంచి 500 కిలోలు తూగుతుంది. గట్టి బాటకు కావాల్సింది ఇదే.

ఫిరంగుల ముందు మంచు గుట్టలుగా పేరుకుంటుంది. దాన్ని వెంటనే పరచరు. లోపల మిగిలిన తడి గడ్డకట్టడానికో, కిందికి ఇంకిపోవడానికో కొంతకాలం వదిలేస్తారు. ఆ తర్వాత వెడల్పాటి గొలుసు చక్రాల గ్రూమర్లు వస్తాయి. నిట్టనిలువు వాలు మీద ఆ బండ్లు సైతం జారిపోతాయి కాబట్టి పైన గట్టి లంగరు వేసి, ఉక్కు తాడుతో బండిని వేలాడదీసి నడుపుతారు. ముందు పలక మంచును నెడుతుంది, వెనక తిరిగే రోలరు దాన్ని పొడిపొడి చేసి అణుస్తుంది.

అణచిన వెంటనే మంచు గట్టిపడదు. రాత్రంతా కదపకుండా వదిలేస్తే గింజకూ గింజకూ మధ్య సన్నని మెడలాంటి అతుకు ఏర్పడి అంతా ఒక్క ముద్దవుతుంది. తొందరపడి పొద్దున్నే బండి మళ్లీ తిప్పితే ఆ అతుకులు తెగిపోతాయి. ఈ మెట్టులో చేయాల్సిన పనికెంత విలువుందో ఆగడానికీ అంతే ఉంది.

5. నీళ్లు పట్టించడం

ఇంత చేసినా అది విహారానికి వచ్చినవాళ్లు జారుకునే బాటే. పందెం బాట దీనికంటే ఎన్నో రెట్లు గట్టిగా ఉండాలి. ఎనభై మంది ఒకరి వెనక ఒకరు అవే మలుపులు తిరుగుతారు. మెత్తటి మంచైతే పదో మనిషి వచ్చేసరికి మలుపుల దగ్గర గోతులు పడతాయి. మొదట దిగినవాడికి ఒక బాట, చివర దిగినవాడికి ఇంకో బాట అయితే అది పందెమే కాదు.

అందుకని మంచులోకి నీళ్లు ఎక్కిస్తారు. ఇది చూడదగ్గ పని. సన్నని నాజిళ్లు వరుసగా అమర్చిన పొడవాటి లోహపు బార్‌ను గొట్టానికి తగిలించి, వాలుకు అడ్డంగా మంచు మీద పెడతారు. కుళాయి తిప్పగానే ఒత్తిడితో నీళ్లు ఒక్కో నాజిల్ నుంచి సూటిగా మంచులోకి దిగుతాయి. కొన్ని క్షణాలు ఆగి, బార్‌ను కొద్దిగా కిందికి జరిపి మళ్లీ అదే. రాత్రిపూట, తల దీపాల వెలుగులో, పైనుంచి కింది దాకా ఒక్క చోటు వదలకుండా ఇలా జరుపుకుంటూ వస్తారు. చేతి తొడుగులు తడిసి బిగుసుకుపోతాయి, గొట్టంలో నీళ్లు ఆగితే గొట్టమే గడ్డకడుతుంది. తెల్లారేసరికి లోపల గింజల మధ్య ఖాళీలు ఐసుతో నిండి, పైన అడుగు వేస్తే నిలవనంత గట్టి బాట తయారవుతుంది. నీళ్లు పైపైన చల్లితే అద్దంలా జారే పెంకు కడుతుంది, స్కీ అంచు దాన్ని పట్టుకోలేదు. లోతుగా ఎక్కిస్తేనే గట్టిదనమూ పట్టూ రెండూ వస్తాయి.

వాతావరణం వేడెక్కి మంచు తడిబారితే మరో ఉపాయం ఉంది. ఉప్పు చల్లుతారు. ఉప్పు తగిలిన చోట పై మంచు కొంత కరుగుతుంది. ఆ కరగడానికి కావాల్సిన వేడిని చుట్టూ ఉన్న మంచు నుంచి లాగేస్తుంది కాబట్టి ఆ చుట్టుపక్కలంతా బిగుసుకుంటుంది. అయితే ఈ బిగువు కొద్ది గంటలదే. ఏ గంటకు చల్లాలో సరిగ్గా తెలిసినవాళ్లే ఆ పని చేయాలి, లేకపోతే ఉన్న బాట కూడా పాడవుతుంది.

6. గేట్లు పాతడం

గట్టిపడిన వాలు మీద ఇప్పుడు పందెం రాస్తారు. ఆ రాసే మనిషి కోర్స్ సెట్టర్. ప్రపంచ కప్ స్లాలమ్, జెయింట్ స్లాలమ్‌లలో ఆయన ఏదో ఒక జట్టు కోచే. ఆ రోజు ఎవరన్నది చీటీ తీసి తేలుస్తారు. రెండో పరుగుకు వేరే కోచ్ కొత్తగా గేట్లు పాతుతాడు.

ఎర్రది ఒకటి, నీలంది ఒకటి, ఇలా మార్చి మార్చి గేట్లు వస్తాయి. ఎన్ని అన్నదానికి లెక్క ఉంది. స్లాలమ్‌లో నిలువు దిగుడులో 30 నుంచి 35 శాతం సంఖ్యలో మలుపులుండాలి. అంటే 200 మీటర్ల దిగుడుకు 60 నుంచి 70 మలుపులు, వాటిని నిమిషం లోపు తిరగాలి. జెయింట్ స్లాలమ్‌లో 11 నుంచి 15 శాతం, అంటే 400 మీటర్లకు 44 నుంచి 60. స్లాలమ్‌లో ఒక మలుపు కర్ర నుంచి తర్వాతి దానికి 6 మీటర్లకు తక్కువా 13 మీటర్లకు ఎక్కువా ఉండకూడదు. సూపర్-జి, డౌన్‌హిల్‌లలో గేట్లు చాలా దూరం దూరంగా ఉంటాయి, అక్కడ గేటు వేగానికి కళ్లెం వేయడానికీ, ప్రమాదకరమైన చోటు నుంచి తప్పించడానికీ.

మంచు ఇనుములా ఉంటుంది కాబట్టి కర్రను చేత్తో గుచ్చడం కుదరదు. సెట్టర్ వాలు మీద అడ్డంగా నిలబడి, కింద ఉన్న గేటు వైపు ఓసారి, పైన ఉన్నదాని వైపు ఓసారి చూసి, చోటు చూపిస్తాడు. పక్కనున్నవాడు డ్రిల్లుతో బెజ్జం వేస్తాడు. మరలున్న కర్ర అడుగును అందులో తిప్పి బిగిస్తారు. చుట్టూ నీలం రంగు చుక్క వేస్తారు. పందెంలో కర్ర ఊడిపోతే వెంటనే అదే చోట మళ్లీ పాతడానికి ఆ గుర్తు. వేగపు పందేల్లో, మబ్బు పట్టిన రోజు తెల్లటి మంచులో ఎత్తుపల్లాలు కంటికి ఆనవు కాబట్టి బాట అంచుల వెంట నీలం గీతలు కూడా గీస్తారు.

స్లాలమ్ కర్రకు మంచు మట్టం దగ్గర కీలు ఉంటుంది. 1980ల మొదట్లో ఇవి వచ్చాక ఆటే మారిపోయింది. అంతకుముందు కర్రను తప్పించుకుంటూ చుట్టూ తిరిగేవాళ్లు. ఇప్పుడు కాళ్లు, స్కీలు కర్రకు ఒక పక్క నుంచి పోతాయి, ఒళ్లు దాని మీదుగా దూసుకుపోతుంది, చేతి కవచంతో కర్రను కొట్టి పడగొడతారు. నియమం ఒక్కటే, రెండు స్కీల మొనలూ రెండు పాదాలూ గేటు గీతను దాటాలి. ఒక్క మొన అవతలి పక్క నుంచి పోయినా ఆ పరుగు పోయినట్టే.

7. స్కీలకు పదును పెట్టడం

పైన బాట సిద్ధమవుతుంటే కొండ దిగువన గదుల్లో మరో తయారీ నడుస్తుంటుంది. పురుషుల డౌన్‌హిల్ స్కీ కనీసం 218 సెంటీమీటర్ల పొడవుండాలి, సూపర్-జికి 210, జెయింట్ స్లాలమ్‌కు 193, స్లాలమ్‌కు 165. స్కీ నడుము సన్నగా, రెండు కొసలూ వెడల్పుగా ఉంటాయి. పక్కకు ఒరిగించి నొక్కితే ఆ వంపే మలుపు తిప్పుతుంది. ఆ వంపు డౌన్‌హిల్ స్కీకి 50 మీటర్ల వ్యాసార్థం, జెయింట్ స్లాలమ్‌కు 30. పొడవైన స్కీ వేగంలో వణకకుండా నిలబడుతుంది, పొట్టిది చప్పున తిరుగుతుంది.

స్కీ రెండు పక్కలా ఉక్కు అంచులుంటాయి. ఐసు లాంటి బాట మీద మనిషికి ఉన్న పట్టంతా ఆ సన్నని ఉక్కులోనే. మామూలు స్కీకి ఆ అంచు 90 డిగ్రీలకు దగ్గరగా ఉన్నా సరిపోతుంది. పందెపు స్కీకి ఆకురాయి ప్రత్యేకమైన చట్రంలో బిగించి, సుమారు 87 డిగ్రీలకు అరగదీస్తారు. స్కీని మరలో పక్కకు నిలబెట్టి, మొన నుంచి తోక దాకా ఒకే బలంతో, ఒకే దిశలో లాగుతారు. ఉక్కు పొడి సన్నటి తీగలా రాలుతుంది. తర్వాత వజ్రపు రాయితో నునుపు చేస్తారు. పదును కుదిరిందో లేదో చూడటానికి బొటనవేలి గోటిని అంచుకు అడ్డంగా నెమ్మదిగా లాగుతారు. గోరు నుంచి తెల్లటి పొడి రాలితే పదునున్నట్టు. జారిపోతే మళ్లీ మొదటికే.

తర్వాత అడుగుకు మైనం. మంచు ఎంత చల్లగా ఉందో కొలిచి దానికి తగ్గది ఎంచుకుంటారు. మంచు చల్లగా ఉన్నకొద్దీ గట్టి మైనం వాడతారు. దాన్ని ఇస్త్రీపెట్టెతో కరిగించి స్కీ అడుగున పట్టించి, చల్లారాక పలకతో గీకేసి, బ్రష్‌తో రుద్దుతారు. పైన కనిపించే మైనం అంతా పోవాలి, అడుగు రంధ్రాల్లో ఇంకినదే మిగలాలి. వేగానికి పేరుపడ్డ ఫ్లోరిన్ మైనం ఆరోగ్యానికీ పర్యావరణానికీ హాని అని 2023-24 సీజన్ నుంచి ఫిస్ పూర్తిగా నిషేధించింది.

8. బాటను బట్టీ పట్టడం

పందెం ఉదయం క్రీడాకారులకు బాట చూసే సమయం ఇస్తారు. దాన్ని ఇన్‌స్పెక్షన్ అంటారు. గేట్ల మధ్య నుంచి దిగడానికి వీల్లేదు. స్కీలు అడ్డంగా పెట్టి, పక్కనుంచి మెల్లగా జారుతూ చూసుకోవాలి. డౌన్‌హిల్‌లో పందేనికి ముందు సాధన పరుగులు తప్పనిసరి. మిగతా మూడింటికీ అది లేదు, చూసింది గుర్తుపెట్టుకుని దిగాల్సిందే.

ఇన్‌స్పెక్షన్ చివర్లో వాళ్లను గమనించాలి. కళ్లు మూసుకుని నిలబడి, అరచేతిని ముందు చాపి, అటూ ఇటూ తిప్పుతూ బాటంతా మనసులో దిగుతుంటారు. అరవై మలుపుల్లో ఏది వాలు విరిగే చోట వస్తుందో, ఏది కంటికి కనపడక ముందే మొదలుపెట్టాలో ఆ చేయి చెబుతుంది.

9. పరుగు

బయల్దేరే చోట మోకాళ్ల కింద ఒక సన్నని కడ్డీ అడ్డంగా ఉంటుంది. కాలు దాన్ని తోయగానే గడియారం మొదలవుతుంది, కింద కాంతికిరణాన్ని దాటగానే ఆగుతుంది. ఒకటి చెడితే ఇంకొకటి ఉండేలా రెండు వేర్వేరు యంత్రాలు సమయం కొలుస్తాయి. ఫలితం సెకనులో నూరో వంతు దాకా. 2014 సోచి ఒలింపిక్స్ మహిళల డౌన్‌హిల్‌లో స్లొవేనియా క్రీడాకారిణి టీనా మేజ్, స్విట్జర్లాండ్ క్రీడాకారిణి డొమినిక్ జిసిన్ ఇద్దరికీ సరిగ్గా 1 నిమిషం 41.57 సెకన్లు వచ్చింది. ఇద్దరికీ స్వర్ణం ఇచ్చారు.

ప్రతి కొద్దిమందికీ ఒకసారి బాట పనివాళ్లు అడ్డంగా జారుతూ గోతులు సరిచేసి, రాలిన పొడి మంచును పక్కకు నెడతారు. రెండో పరుగులో మొదటి ముప్పై మంది వరుస తిరగబడుతుంది. మొదటి పరుగులో ముప్పయ్యో స్థానంలో ఉన్నవాళ్లు ముందు, మొదటి స్థానంలో ఉన్నవాళ్లు వాళ్ల చివర్న దిగుతారు. వెనకబడినవాళ్లకు తాజా బాట దక్కడానికీ, ఉత్కంఠ ఆఖరిదాకా నిలవడానికీ ఈ ఏర్పాటు.

2022 ఫిబ్రవరి 13న యెన్‌చింగ్‌లో పురుషుల జెయింట్ స్లాలమ్ జరిగింది. అన్నాళ్లూ పొడి గాలితో ఉన్న కొండ మీద సరిగ్గా ఆ రోజే ఆకాశం నుంచి మంచు జోరుగా కురిసింది. చూసేవాళ్లు ముచ్చటపడ్డారు గానీ బాట పనివాళ్లకు అది పెద్ద ఆపద. వారాల తరబడి నీళ్లు పట్టించి గట్టిపరిచిన బాట మీద మెత్తటి మంచు పేరుకుంటే అంచుకు పట్టు దొరకదు, ఎదుటి గేటూ కనపడదు. కురిసిన మంచును ఎత్తిపోస్తూ, చేసిన మంచును బయటపెట్టుకుంటూ పందెం నడిపారు. రెండో పరుగు ఆలస్యమైంది. బయల్దేరినవాళ్లలో సగం మంది కాస్త అటూఇటుగా మాత్రమే రెండు పరుగులూ పూర్తిచేయగలిగారు. స్విట్జర్లాండ్ క్రీడాకారుడు మార్కో ఓడర్‌మాట్ స్వర్ణం గెలిచాడు. ఆరిఫ్ ఖాన్ రెండు పరుగులూ నిలబడి 45వ స్థానంలో ముగించారు. మూడు రోజుల తర్వాత స్లాలమ్‌లో ఆయన పరుగు పూర్తికాలేదు. అయినా ఆ మసక వెలుతురులో, మేటి క్రీడాకారులు కూడా గేట్లు తప్పిన చోట, కిందిదాకా దిగడం చిన్న సంగతి కాదు.

10. మనిషిని తయారుచేయడం

ఇక మిగిలింది మనిషి. ఈ మెట్టు దగ్గరే చంద్రపూర్ కథలోకి వస్తుంది.

2017 ఆగస్టులో మా జిల్లా ఆశ్రమ పాఠశాలల గిరిజన విద్యార్థులకు 'మిషన్ శౌర్య' పేరుతో పర్వతారోహణ శిక్షణ మొదలైంది. వార్ధా, హైదరాబాద్, డార్జిలింగ్, లడఖ్‌లలో వాళ్లను దశలవారీగా తీర్చిదిద్దారు. 2018 మే నెలలో మనీషా ధుర్వే, ప్రమేశ్ ఆలే, ఉమాకాంత్ మడావీ, కవిదాస్ కాట్‌మోడే, వికాస్ సోయాం ఎవరెస్ట్ శిఖరం ఎక్కారు. శిక్షణకు ముందు మంచు కొండ ఎరగని ఊళ్ల పిల్లలు తొమ్మిది నెలల్లో భూమి మీద అన్నిటికంటే ఎత్తైన చోట నిలబడ్డారు.

మా జిల్లాలోని రాజురా ప్రాంతం 1956కు ముందు హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. ఇప్పటికీ అక్కడి సంతల్లో తెలుగు వినిపిస్తుంది. సరిహద్దు అవతల తెలంగాణ ప్రాంతపు గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ ఈ పిల్లల కంటే నాలుగేళ్ల ముందే, 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. ఆమెను తీర్చిన బాట కూడా ఇలాంటిదే. భువనగిరి రాతిగుట్ట మీద మొదలుపెట్టి, డార్జిలింగ్, లడఖ్ మీదుగా సాగింది. ఎండ ప్రాంతపు పిల్లలను మంచుకు సిద్ధం చేసే పద్ధతి మన దగ్గర ఉంది, అది పనిచేస్తుందని రెండుసార్లు రుజువైంది కూడా.

స్కీ పందేనికి ఇంకొంచెం ఓపిక కావాలి. మలుపు ఒంటికి పట్టాలంటే చిన్నవయసులో మొదలుపెట్టి, ఏటా చలికాలం మంచు మీద గడపాలి. ఆరిఫ్ ఖాన్ తండ్రికి గుల్‌మార్గ్‌లో స్కీ సామగ్రి దుకాణం ఉండటంతో ఆయన చిన్నప్పుడే స్కీలు కట్టారు. 2018లో టర్కీలో జరిగిన ఫిస్ పోటీలో స్లాలమ్ కాంస్యం గెలిచి, స్కీయింగ్‌లో దేశానికి తొలి అంతర్జాతీయ పతకం తెచ్చిన ఆంచల్ ఠాకూర్‌ది మనాలి ప్రాంతం. ఇద్దరికీ మంచు ఇంటి ముందే ఉంది. మన పిల్లలకు దాన్ని మనం దగ్గర చేయాలి.

మొదటి ఏడాది పని అంతా ఇక్కడే చేయొచ్చు. చక్రాల స్కేట్లతో, వరుసగా పెట్టిన గుర్తుల మధ్య మలుపులు తిరగడం ప్రపంచమంతటా స్లాలమ్ క్రీడాకారులు వేసవిలో చేసే సాధనే. తొడల బలం, ఒంటికాలి మీద నిలకడ, కంటికీ కాలికీ పొత్తు, వీటికి మంచు అక్కర్లేదు. డిసెంబరు రాగానే గుల్‌మార్గ్‌లోని కేంద్ర పర్యాటక శాఖ స్కీయింగ్, పర్వతారోహణ సంస్థకో, మనాలి పర్వతారోహణ సంస్థకో ప్రాథమిక కోర్సుకు పంపాలి. అందులో నిలిచినవాళ్లను వరుసగా ప్రతి చలికాలం పంపాలి. ఖేలో ఇండియా శీతాకాల క్రీడల దాకా వస్తే తర్వాత ఫిస్ పోటీలు, వాటిలో వచ్చే పాయింట్లు. ఈ పాయింట్లు ఎంత తగ్గితే అంత మంచిది, ఒలింపిక్స్ అర్హత తేలేది వీటితోనే.

ఒక్క లోటు మాత్రం పిల్లలు తీర్చలేరు. 2025 ఫిబ్రవరిలో గుల్‌మార్గ్‌లో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు చాలినంత మంచు లేక మార్చికి వాయిదాపడ్డాయి. హిమాలయాల్లో సైతం ఆకాశాన్ని నమ్ముకుని పందెం పెట్టే రోజులు పోతున్నాయి. దేశంలో కనీసం ఒక్క స్లాలమ్ వాలుకు కొండ మీద నీటి చెరువు, ఫిరంగులు, నీళ్లు పట్టించే సామగ్రి, వాటిని నడపడం తెలిసిన మనుషులు ఏటా సిద్ధంగా ఉండాలి. 200 మీటర్ల దిగుడున్న ఒక్క వాలు చాలు, పెద్ద డౌన్‌హిల్ బాట అవసరం లేదు. ఆ ఖర్చు కేంద్రం పెట్టదగ్గది. పిల్లలను ఎంపిక చేసి నాలుగైదు చలికాలాలు వదలకుండా పంపే ఖర్చు మాత్రం జిల్లా, గిరిజన సంక్షేమ శాఖ స్థాయిలోనే తేలేది. ఎవరెస్ట్‌కు పిల్లలను పంపిన శాఖకు ఇది కొత్త పని కాదు. ఈసారి ఎంపిక పదేళ్లలోపు పిల్లలతో మొదలుపెట్టి, మొదటి స్కేట్లు ఈ వేసవి సెలవుల్లోనే వాళ్ల కాళ్లకు కట్టాలి.